విప్పబోతే ఆయిల్ ఫిల్టర్ మొండికేసిందా? షెడ్డుల్లో వినబడే అపోహలు, అసలు సంగతులు

అపోహ: మర పట్టేసింది. డబ్ల్యూడీ-40 (తుప్పు వదిలించే స్ప్రే) కొట్టి అరగంట ఆగితే వదులవుతుంది.

వాస్తవం: పట్టేది మర కాదు, రబ్బరు రింగు. మర ఎప్పుడూ ఆయిల్లోనే ఉంటుంది, దానికి తుప్పెక్కడిది? పొడిగా బిగించిన రబ్బరు వేడికి గట్టిపడి, ఫిల్టర్ ఆనే ఇంజన్ ముఖానికి అతుక్కుంటుంది. స్ప్రే ఆ రింగు దాటి లోపలికి పోదు. పైగా ఫిల్టర్ డబ్బా జారుడై ఉన్న పట్టు కూడా పోతుంది.

అపోహ: స్క్రూడ్రైవర్ దిగ్గొట్టి తిప్పేయడమే మొదటి మందు.

వాస్తవం: అది చివరి మందు. డబ్బా పల్చటి రేకు. రబ్బరు గట్టిగా పట్టి ఉంటే ఫిల్టర్ తిరగదు, రేకే చిరుగుతుంది.

ముందు ఆయిల్ దించి, డబ్బాను పెట్రోలు గుడ్డతో జిడ్డు లేకుండా తుడవండి (ఇంజన్ చల్లగా ఉంటేనే పెట్రోలు). 80 నంబరు ఉప్పుకాగితం గరుకువైపు లోపలికి పెట్టి చుట్టి, రెండు చేతులా తిప్పండి. చాలా ఫిల్టర్లు ఇక్కడే దిగొస్తాయి.

రాకపోతే పాత బెల్టు. శెనక్కాయల మిషన్‌దైనా, పిండిమరదైనా సరే. ముక్క కోసి ఫిల్టర్ చుట్టూ తిప్పి, రెండు కొసలూ కలిపి అడుగు పొడవు ఇనుప పైపుకు బిగించి కట్టండి. పైపు ఒక చివర డబ్బాకు ఆనాలి. పైపును తోసేకొద్దీ బెల్టు బిగుసుకోవాలి, వదులైతే తిరగేసి చుట్టారన్నమాట. బెల్టు ఇంజన్ వైపు అంచు దగ్గర పడాలి. అక్కడే రేకు గట్టి. కింది కొసన పడితే డబ్బా నలిగిపోతుంది.

అపోహ: ఇంజన్ కాలుతుండగానే విప్పాలి.

వాస్తవం: గోరువెచ్చగా ఉంటే చాలు, ఆయిల్ దించకముందే రెండు మూడు నిమిషాలు నడిపి ఆపండి. కర్నూలు నుంచి హైవే మీద అనంతపురం వచ్చి ఆపిన బండిలో ఆయిల్ వంద డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. అది మోచేతి మీదుగా కారితే బొబ్బలే.

అపోహ: ఎటు తిప్పినా ఏముంది, వదులైతే చాలు.

వాస్తవం: ఫిల్టర్ మూసిన కొస మీకు ఎదురుగా ఉన్నట్టు ఊహించుకుని, గడియారం ముల్లుకు ఎదురు తిప్పాలి. ఇంజన్ పైనుంచి చెయ్యి దూర్చేవాళ్లు ఇక్కడే తికమకపడి ఇంకా బిగిస్తారు.

రేకంతా చిరిగి ఇంజన్ వైపు ఉండే అడుగు పళ్లెం ఒక్కటే మిగిలితే కంగారొద్దు. దాని అంచు మీద ఉలి ఏటవాలుగా పెట్టి, విప్పే దిశలో చిన్న సుత్తితో చుట్టూ తట్టుకుంటూ రండి. ఉలి మాత్రం ఇంజన్ ముఖానికి తగలకూడదు. అది చాలా బండ్లలో అల్యూమినియం, గీత పడితే అక్కడే లీకు.

ప్లాస్టిక్ మూతలో కాగితం ఫిల్టర్ ఉండే ఇంజన్లకు ఈ మొరటు పనులేవీ వద్దు. మూత పగులుతుంది. సరిపడే కప్పు పానా (మూత మీద కప్పులా కూర్చునేది) కొనుక్కోండి.

అపోహ: కొత్తది పానాతో బిగిస్తే లీకవదు.

వాస్తవం: వచ్చేసారి ఇదే గోల రావడానికి కారణం అదే. రబ్బరుకు కొత్త ఆయిల్ వేలితో రాసి, అది ముఖానికి తగిలాక చేత్తో ముప్పావు చుట్టు చాలు. డబ్బా మీద వేరే లెక్క ముద్రించి ఉంటే అదే పాటించండి.

అంతకుముందు పాత రబ్బరు రింగు ఫిల్టర్‌తోపాటు వచ్చిందో లేదో చూడండి. ఇంజన్‌కే అంటుకుని ఉండగా కొత్తది ఎక్కిస్తే రెండు రింగులవుతాయి. ప్రెషర్‌కు అవి పక్కకు జరిగితే ఆయిల్ నిమిషాల్లో రోడ్డు పాలు. బిగించాక కొత్త ఆయిల్ పోసి, స్టార్ట్ చేసి, ఒక నిమిషం ఆగి, కింద టార్చి వేసి చూశాకే బండి జాకీ మీంచి దించండి.