ముందు సున్నా పెడితే 10 కాస్తా 8 ఎలా అయింది?

సీ ప్రోగ్రామింగ్ భాష తర్వాతి ప్రమాణం ముసాయిదాలో ఆక్టల్ సంఖ్యలకు (0 నుంచి 7 వరకు అంకెలతోనే, అంటే బేస్ 8లో రాసేవాటికి) కొత్త రాత చేరింది: సున్నా, దాని పక్కన 'ఓ' అక్షరం, ఆ తర్వాత అంకెలు. ఒట్టి సున్నాతో మొదలుపెట్టే పాత రాతకు (అందులో 010 అంటే 8) కాలం చెల్లిందన్న ముద్ర పడింది. దాంతో పాత వాదన మళ్లీ రాజుకుంది. దశాబ్దాల కోడ్‌ను కదిలించడం ఎందుకని ఒక పక్షం, ఇది ఎప్పుడో జరగాల్సిందని మరో పక్షం.

ఈ వాదనలో అసలు దెబ్బ తినేది కొత్తగా నేర్చుకునేవారు. 0 నుంచి 255 వరకు సంఖ్యలను డెసిమల్ (బేస్ 10), బైనరీ (బేస్ 2), ఆక్టల్, హెక్సాడెసిమల్ (బేస్ 16, ఇందులో 9 తర్వాతి అంకెలు ఏ నుంచి ఎఫ్ వరకు అక్షరాలు) వరుసల్లో అచ్చు వేయడం చాలామంది రాసే తొలి ప్రోగ్రాముల్లో ఒకటి. కొన్ని సంఖ్యలనే ఎంచుకుని, చూడ్డానికి వరుసగా ఉంటాయని 001, 002, 003 అని కోడ్‌లో రాస్తే 007 దాకా ఏ ఇబ్బందీ ఉండదు. 008 దగ్గర కంపైలర్ (కోడ్‌ను యంత్రానికి అర్థమయ్యేలా మార్చే ప్రోగ్రామ్) ఆగి, ఆక్టల్‌లో 8 అనే అంకె లేదంటుంది. అలా ఆగితే అదృష్టమే. 010, 020, 030 అని రాస్తే ఏ హెచ్చరికా లేకుండా పట్టికలో 8, 16, 24 వచ్చి కూర్చుంటాయి. లెక్క కట్టే లూప్‌లో (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేసే కోడ్‌లో) తప్పుందనుకుని గంటలు పోగొట్టుకుంటారు.

ఈ పాత రాతకు మూలం ఎక్కడుందంటే, బెల్ ల్యాబ్స్‌లో కెన్ థామ్సన్ రూపొందించిన బీ భాషలో. అది పుట్టింది 18 బిట్ల పీడీపీ-7 యంత్రం మీద. బిట్ అంటే ఒక బైనరీ అంకె, ఒక్కో ఆక్టల్ అంకె మూడు బిట్లకు సమానం. కాబట్టి 18 బిట్లంటే సరిగ్గా 6 ఆక్టల్ అంకెలు. అక్కడ రోజూ కనిపించేవి ఆక్టల్ సంఖ్యలే కాబట్టి, ముందు ఒక్క సున్నా చాలన్న పొదుపు సహజం. సీ భాష దాన్ని అలాగే తీసుకుంది. 1978 నాటి సీ నియమాల్లో మరో వింత కూడా ఉండేది: ఆక్టల్ సంఖ్యలో 8, 9 రాయొచ్చు, వాటి విలువలు ఆక్టల్ 10, 11. అంటే 08 విలువ 8, 010 విలువ కూడా 8. 019 అయితే 17. ఈ సడలింపును 1989 ప్రమాణం తీసేసింది, ముందు సున్నాను మాత్రం ఉంచేసింది. అన్నీ సరిదిద్దుతున్న ఆ సమయంలోనే దీన్నీ సరిదిద్దాల్సింది.

ఎందుకంటే అప్పటికే ఆక్టల్ అవసరం తగ్గిపోయింది. 1964లో ఐబీఎం ప్రకటించిన సిస్టమ్/360తో 8 బిట్ల బైట్ స్థిరపడింది. 8ని 3తో భాగిస్తే శేషం మిగులుతుంది. చిక్కంతా అక్కడే. నిండుగా ఒకట్లున్న బైట్ ఆక్టల్‌లో 377. అలాంటివి రెండు పక్కపక్కన పెడితే వచ్చే 16 బిట్ల సంఖ్య 377377 కాదు, 177777. హెక్సాడెసిమల్‌లో ఎఫ్ఎఫ్ పక్కన ఎఫ్ఎఫ్ పెడితే నాలుగు ఎఫ్‌లు, అంతే. పట్టికలో బైనరీ వరుస పక్కన ఈ రెండు వరుసలూ పెట్టి చూస్తే తేడా కంటికే తెలుస్తుంది.

బైనరీ వరుస సంగతి వేరు. డెసిమల్, ఆక్టల్, హెక్సాడెసిమల్‌గా అచ్చు వేసే సదుపాయం సీలో అచ్చు వేసే ఫంక్షన్ ప్రింట్ఎఫ్‌లో ఎప్పటి నుంచో ఉంది. బైనరీకి మాత్రం 2023 ప్రమాణం దాకా లేదు. కాబట్టి లూప్ చేత్తో రాయక తప్పేది కాదు: సంఖ్యను బేస్‌తో భాగించు, శేషాన్ని అంకెగా దాచు, భాగఫలం సున్నా అయ్యేదాకా కొనసాగించు, అంకెలను తిరగేసి అచ్చు వెయ్యి. తప్పులు ఎక్కడ దొర్లుతాయో కూడా అందరికీ తెలిసినవే. 'సున్నా కంటే పెద్దదైనంతవరకు' అని షరతు పెడితే 0 దగ్గర ఖాళీ వస్తుంది. షరతును లూప్ చివర పరీక్షిస్తే సరిపోతుంది. శేషానికి '0' అక్షరం ఆస్కీ కోడ్ (అక్షరాలకు సంఖ్యలిచ్చే పట్టికలో దాని సంఖ్య) 48 కలిపితే 9 దాకా బాగానే ఉంటుంది, 10 దగ్గర 'ఏ' బదులు కోలన్ గుర్తు పడుతుంది. 0 నుంచి ఎఫ్ దాకా పదహారు అక్షరాల స్ట్రింగ్ (అక్షరాల వరుస) ఒకటి పెట్టుకుని అందులోంచి తీసుకోవాలి. 32 బిట్ల బైనరీకి 33 స్థానాలు కావాలి, చివరిది ముగింపు గుర్తుకు.

ఈ లూప్ నేర్పేది ఒకటే: సంఖ్యకు బేస్ లేదు, బేస్ ఉన్నది రాతకు. ముందు సున్నా ఆ పాఠాన్నే చెడగొడుతుంది. కాగితం మీద విలువ మార్చని గుర్తు ఇక్కడ సంఖ్యనే మార్చేస్తుంది.

ముందు సున్నా రాతను పైథాన్ భాష 2008లోనే తీసేసింది. మూడో వెర్షన్ నుంచి 010 అని రాస్తే తప్పని చెప్పి, సున్నా-ఓ వాడమంటుంది. జావాస్క్రిప్ట్ 2009లో కఠిన పద్ధతిలో పాత రాతను నిషేధించింది, 2015లో కొత్తది చేర్చింది. గో 2019లో కొత్తది తెచ్చినా పాతదాన్ని ఉంచింది. జావాలో నేటికీ 010 అంటే 8.

మార్చొద్దనేవారి వాదన ఫైల్ అనుమతుల (ఫైల్‌ను ఎవరు చదవొచ్చో, ఎవరు రాయొచ్చో ఆక్టల్ అంకెల్లో చెప్పే పద్ధతి) చుట్టూ తిరుగుతుంది. 0644 అన్న రాత లెక్కలేనన్ని ప్రోగ్రాముల్లో ఉంది, నిజమే. కానీ ఆ సున్నా మరిచిపోయి 644 అని రాస్తే అది ఆక్టల్ 1204 అవుతుంది. యజమానికి రాసే హక్కు ఉండి చదివే హక్కు పోతుంది. కంపైలర్ నోరెత్తదు.

కోడ్‌లో సంఖ్యల ముందు సున్నాలు పెట్టకుండా, అచ్చు వేసేటప్పుడే వెడల్పు 3, సున్నాలతో నింపు అని చెప్పడం ఏ భాషలోనైనా క్షేమం. అలా అచ్చైనదాన్ని తిరిగి చదివేటప్పుడు సీలో చదివే ఫంక్షన్ స్కాన్ఎఫ్‌లో 'డి' అనే సంకేతం వాడాలి. 'ఐ' వాడితే 010 మళ్లీ 8 అవుతుంది. లినక్స్ ఆదేశాలను వరుసగా నడిపే స్క్రిప్టుల భాష బ్యాష్‌లోనూ అంతే: తేదీ నుంచి తీసిన నెల 08, 09 అయినప్పుడు లెక్క ఆగిపోతుంది. జూలై దాకా సజావుగా నడిచిన స్క్రిప్ట్ ఆగస్టు, సెప్టెంబరుల్లో ఆగి, అక్టోబరులో మళ్లీ నడుస్తుంది. సంఖ్య ముందు 10, హ్యాష్ గుర్తు పెడితే డెసిమల్‌గా చదువుతుంది.