ఐఫోన్, ఆండ్రాయిడ్ సందేశాల మధ్య అడ్డుగోడ ఎలా లేచింది?

1992 డిసెంబరు 3న బ్రిటన్‌లో నీల్ పాప్‌వర్త్ అనే ఇంజినీరు వొడాఫోన్ నెట్‌వర్క్ మీదుగా పంపిన క్రిస్మస్ శుభాకాంక్షలే తొలి ఎస్ఎంఎస్. ఒక్కో సందేశానికి 140 బైట్లే కేటాయించినందువల్ల ఇంగ్లిష్‌లో 160 అక్షరాలు పట్టేవి. యూనికోడ్‌లో రాసే తెలుగుకు 70 మాత్రమే దక్కేవి, అందులోనూ గుణింతాల గుర్తులు, పొల్లులు విడివిడిగా లెక్కకొచ్చేవి. ఏ కంపెనీ ఫోనుకైనా చేరడం ఎస్ఎంఎస్ బలం కాగా, దారిలో ఉన్న ఆపరేటరు దాన్ని చదవగలగడం మొదటి నుంచీ ఉన్న లోపం.

ఎస్ఎంఎస్ స్థానంలో ఫొటోలు, గ్రూపులు ఇమిడే ఆర్‌సీఎస్ అనే ప్రమాణాన్ని తెచ్చే ప్రయత్నం 2007లోనే మొదలైంది. మొబైల్ ఆపరేటర్ల సంఘమైన జీఎస్ఎంఏ దాన్ని చేపట్టినా, అందరూ పాటించదగిన ఉమ్మడి రూపం కుదిరేసరికి 2016 నవంబరు వచ్చింది. ఈలోగా 2011లో ఆపిల్ ఐమెసేజ్‌ను తెచ్చింది. రెండు ఐఫోన్ల మధ్య సందేశం ఎన్‌క్రిప్షన్‌తో, అంటే మధ్యలో ఎవరూ చదవలేని సంకేత రూపంలో వెళ్లేది; అవతల ఆండ్రాయిడ్ ఉంటే అదే యాప్ ఎస్ఎంఎస్‌కు దిగి, తెరపై సందేశం కనిపించే బుడగ ఆకుపచ్చగా మారి, ఆ రక్షణ పోయేది. వాట్సాప్‌కు అలవాటుపడిన మనకు ఇది చిన్న విషయమే గానీ, ఐఫోన్ల వాడకం ఎక్కువగా ఉన్న అమెరికాలో పెద్ద వివాదమైంది. ఇది సాంకేతిక అశక్తత కాదనడానికి ఆధారముంది. ఆండ్రాయిడ్‌కు ఐమెసేజ్ ఇస్తే ఐఫోన్ వాడే కుటుంబాలు పిల్లలకు ఆండ్రాయిడ్ ఫోన్లు కొనిపెట్టడానికి ఉన్న అడ్డంకి తొలగిపోతుందని ఆపిల్ ఉన్నతాధికారి క్రెయిగ్ ఫెడరిగి అన్నట్లు ఆపిల్‌పై వీడియో గేమ్‌ల కంపెనీ ఎపిక్ గేమ్స్ వేసిన దావాలో బయటపడింది.

ఆర్‌సీఎస్ వంటి బహిరంగ ప్రమాణం కోసం గట్టిగా వాదించిన గూగుల్ తీరూ పూర్తిగా నిస్వార్థమైనది కాదు. అది 2021లో అందరికీ ఇచ్చిన ఎన్‌క్రిప్షన్ ఆర్‌సీఎస్ ప్రమాణంలో భాగం కాదు, సిగ్నల్ అనే మెసేజింగ్ యాప్ వాడే గోప్యతా నియమావళి (సిగ్నల్ ప్రొటోకాల్) ఆధారంగా తన సొంత యాప్‌లో చేర్చుకున్నది. అందుకే 2024 సెప్టెంబరులో ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 18తో ఆపిల్ ఆర్‌సీఎస్‌కు తలుపు తెరిచినప్పుడు ఫొటోల నాణ్యత మెరుగుపడింది గానీ, రెండు రకాల ఫోన్ల మధ్య గోప్యత మాత్రం రాలేదు.

ఆ లోటు తీర్చే ఎంఎల్ఎస్ అనే ప్రొటోకాల్‌ను ఇంటర్నెట్ ప్రమాణాల సంస్థ ఐఈటీఎఫ్ 2023 జూలైలో ఖరారు చేసింది. దాని ఆధారంగా జీఎస్ఎంఏ 2025 మార్చిలో ఎన్‌క్రిప్షన్‌ను ఆర్‌సీఎస్ ప్రమాణంలోనే చేర్చగా, తన ఫోన్లలోనూ దాన్ని అమలు చేస్తామని ఆపిల్ ప్రకటించింది. అయితే ఐఫోన్‌లో ఆర్‌సీఎస్ పనిచేయాలంటే సంబంధిత ఆపరేటరు కూడా దానికి మద్దతివ్వాలి.