ఐస్ హాకీలో కెరీర్: బెంగళూరు తల్లిదండ్రులు నన్ను అడిగేవి, వాటిలో అపోహలు, వాస్తవాలు

నేను బెంగళూరులో పిల్లలకు ఇన్‌లైన్ హాకీ నేర్పుతాను. ఒకే వరుసలో చక్రాలుండే స్కేట్లు వేసుకుని సిమెంటు నేల మీద ఆడే హాకీ అది. మాది విశాఖపట్నం. స్కేటింగ్ అక్కడే నేర్చుకున్నాను. మంచు మీద మాత్రం పెద్దయ్యాక, లేహ్‌లో మొదటిసారి నిలబడ్డాను. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో సగం మంది తెలుగువాళ్లే. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, బెళ్లందూరు అపార్ట్‌మెంట్ల నుంచి ఉదయం ఐదున్నరకే నాన్న బండి వెనక కూర్చుని, స్కేట్ల బ్యాగు ఒళ్లో పెట్టుకుని వస్తారు. చాలామందికి కెనడాలోనో అమెరికాలోనో పెదనాన్నో పిన్నో ఉంటారు. సెలవుల్లో అక్కడికి వెళ్లి ఒక్క మ్యాచ్ చూసి వచ్చారంటే చాలు, ఆ పిల్లల ధ్యాసంతా ఇక ఐస్ హాకీ మీదే.

తర్వాత తల్లిదండ్రులు నన్ను పక్కకు పిలుస్తారు. "సార్, మావాడు ప్రొఫెషనల్ అవుతాడా? ఎన్‌హెచ్‌ఎల్‌కి ఎలా పంపాలి? ఎవరిని కలవాలి?" ఎన్‌హెచ్‌ఎల్ అంటే అమెరికా, కెనడా జట్లు ఆడే అతి పెద్ద ప్రొఫెషనల్ ఐస్ హాకీ లీగ్. అడగడంలో తప్పేమీ లేదు. కానీ ఆ ప్రశ్నలతో పాటు కొన్ని నమ్మకాలు కూడా వస్తాయి. వాటివల్ల పిల్లలు నలిగిపోవడం చూశాను కాబట్టి ఇది రాస్తున్నాను.

అపోహ: ఐదారేళ్లకే మొదలుపెట్టాలి, ఏడాదంతా ఇదొక్కటే ఆడాలి.

మొక్కై వంగనిది మానై వంగునా అంటారు. అందులో సగం నిజం. స్కేట్ల మీద బ్యాలెన్స్ చిన్నప్పుడు వచ్చినంత సులువుగా పెద్దయ్యాక రాదు. కానీ చిన్నప్పుడే మొదలుపెట్టడం వేరు, చిన్నప్పటి నుంచి ఇదొక్కటే చేయడం వేరు. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2016లో ఇచ్చిన సలహా ప్రకారం, చాలా ఆటల్లో పదిహేను, పదహారేళ్ల వరకు ఒకే ఆటకు పరిమితం కాకపోవడమే మేలు. అమెరికా హాకీ సమాఖ్య 2009లో తెచ్చిన శిక్షణ పద్ధతి కూడా చిన్న పిల్లలను ఇతర ఆటలు ఆడమనే చెబుతుంది.

నా దగ్గర పదేళ్ల బాబు ఒకడు వారానికి ఆరు రోజులు స్కేట్ల మీదే ఉండేవాడు. ఒకరోజు చెప్పులు వేసుకోవడానికి వంగలేక గోడ పట్టుకున్నాడు. తుంటి దగ్గర నొప్పి. స్కేటింగ్‌లో ప్రతి అడుగులో కాలు పక్కకు తోసుకుపోతుంది. ఎదిగే వయసులో ఆ ఒక్క కదలికే వేలసార్లు చేస్తే తుంటి కీలు మీద భారం పడుతుంది. రెండు నెలలు స్కేట్లు మాన్పించి ఈతకు, కబడ్డీకి పంపమన్నాను. తిరిగి వచ్చాక వాడి ఆట మెరుగైంది. కబడ్డీలో మోకాళ్లు వంచి కిందికి దిగడం, ఎదుటివాడి నడుము చూసి ఎటు కదులుతాడో పసిగట్టడం నేర్చుకుంటారు. హాకీలో డిఫెన్స్ ఆడేవాడికి కావలసినవి సరిగ్గా ఆ రెండే. మన నేల మీద పుట్టిన ఆట మన పిల్లలకు ఇంత పనికొస్తుంటే వదులుకోవడం నాకు బాధగా ఉంటుంది.

అపోహ: ఇన్‌లైన్ బాగా వస్తే ఐస్ మీద దిగగానే ఆడేయొచ్చు.

దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే ఇది నా రోజువారీ పని.

ఐస్ స్కేట్ బ్లేడు కింద మధ్యలో సన్నని గాడి ఉంటుంది. దానివల్ల బ్లేడుకు రెండు అంచులు ఏర్పడతాయి, లోపలిది ఒకటి, బయటిది ఒకటి. ఐస్ మీద ఆట అంతా ఆ రెండు అంచుల మీదే నడుస్తుంది. ఆగాలంటే రెండు పాదాలూ ఒక్కసారిగా అడ్డంగా తిప్పి మంచును చెక్కాలి. సిమెంటు మీద చక్రాలు అలా జారవు. అందుకే ఇక్కడి పిల్లలు వెనక కాలు ఈడ్చి ఆగడానికి అలవాటు పడతారు. మొదటిసారి ఐస్ మీదికి వెళ్లినప్పుడు వేగంగా దూసుకెళ్తారు, ఆగడం తెలియక పెద్ద చుట్టు తిరిగి వస్తారు. అక్కడి పిల్లలు ఆలోపు ఆగి, తిరిగి, పక్ (బంతికి బదులు వాడే గుండ్రని బిళ్ల) తీసుకుని వెళ్లిపోతారు.

పక్ కూడా వేరే. ఐస్ హాకీ పక్ గట్టి రబ్బరుది, మూడు అంగుళాల వ్యాసం, ఒక అంగుళం మందం, 156 నుంచి 170 గ్రాముల బరువు. ఇన్‌లైన్ పక్ దానికంటే తేలిక. ఇన్‌లైన్‌లో గోలీ (గోల్‌కీపర్) కాక నలుగురు ఆడితే, ఐస్ మీద ఐదుగురు. ఇన్‌లైన్‌లో ఎదుటివాడిని శరీరంతో ఢీకొట్టడానికి నిబంధనలు ఒప్పుకోవు.

మరి ఇక్కడ నేర్చుకున్నది వృథానా? కానే కాదు. మోకాలు వంచి కూర్చోవడం, తల పైకెత్తి స్టిక్‌తో ఆడటం, పాస్ ఎక్కడికి ఇవ్వాలో ముందే చూడటం, ఇవన్నీ నేరుగా ఐస్ మీదికి వస్తాయి. ఆగడం, బిగువుగా మలుపు తిరగడం, వెనక్కి స్కేట్ చేస్తూ కాళ్లు మార్చడం మాత్రం మళ్లీ నేర్చుకోవాల్సిందే. వేసవి సెలవుల్లో మూడు నాలుగు వారాలు పెద్ద రింకులో (ఐస్ పరిచిన ఆటస్థలంలో) రోజూ దిగగలిగితే చురుకైన పిల్లలు చాలావరకు అందుకుంటారు. మాల్‌లో ఉండే చిన్న రింకులో నాలుగు రౌండ్లు కొట్టించి "ఐస్ వచ్చేసింది" అనుకోవద్దు. ఎన్‌హెచ్‌ఎల్ రింకు 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు. ఆ దూరం ఎంతో కాళ్లకు తెలియాలి.

ఇక స్కేట్ల సైజు. "ఎదిగే పిల్లాడు కదా సార్" అని రెండు సైజులు పెద్దవి కొని, రెండు జతల సాక్సులు వేసి తీసుకొస్తారు. స్కూలు షూ విషయంలో సరే, ఇక్కడ మాత్రం అది చీలమండకు శిక్ష. ఐస్ స్కేటు మామూలు బూటు సైజు కంటే ఒకటి, ఒకటిన్నర తక్కువే ఉంటుంది. నిటారుగా నిలబడితే వేళ్లు ముందు భాగాన్ని తాకీ తాకనట్టు ఉండాలి, మోకాలు వంచితే వెనక్కి రావాలి. మడమ లోపల కదిలితే అంచు అదుపులోకి రాదు. కొత్త పెద్ద జత కంటే సరిగ్గా పట్టే పాత జత వెయ్యి రెట్లు మేలు.

అపోహ: మంచు లేని ఊరి పిల్లాడికి దారే లేదు.

ఆస్టన్ మాథ్యూస్ అరిజోనా ఎడారిలో పెరిగాడు. 2016 ఎన్‌హెచ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్లను ఎంచుకునే కార్యక్రమంలో, మొట్టమొదట ఎంపికైంది అతనే. ఈ ఉదాహరణ చెప్పగానే తల్లిదండ్రుల ముఖాలు వెలిగిపోతాయి. కానీ మిగతా కథ కూడా చెప్పాలి. 1996లో కెనడాలోని విన్నిపెగ్ ఎన్‌హెచ్‌ఎల్ జట్టు అరిజోనాలోని ఫీనిక్స్‌కు తరలి వచ్చింది. అతను పెరిగే నాటికి ఆ ఎడారిలో రింకులు, కోచ్‌లు, పిల్లల జట్లు ఉన్నాయి. ఎండ అడ్డం రాలేదు, ఐస్ ఇంటికి దగ్గర్లోనే దొరికింది.

బెంగళూరులో మనకు లేనిది అదే. ఇక్కడే ఉంటూ, ఇక్కడే ఆడుతూ ఎన్‌హెచ్‌ఎల్‌కు చేరే దారి ఈరోజుకు లేదు. ఈ మాట చెప్పినప్పుడు కొందరు నొచ్చుకుంటారు. అయినా చెబుతాను, పిల్లాడి పది సంవత్సరాల కంటే ఆ నొప్పి పెద్దది కాదు.

అయితే దేశం తరఫున ఆడే దారి ఉంది. భారత్ 1989 నుంచి అంతర్జాతీయ ఐస్ హాకీ సమాఖ్యలో సభ్యదేశం. ఆటకు గుండెకాయ లద్దాఖ్. డిసెంబర్ చివరి నుంచి ఫిబ్రవరి దాకా అక్కడి చెరువులు గడ్డకడతాయి, పిల్లలు వాటి మీదే పెరుగుతారు. ఇక్కడి పిల్లాడు అక్కడికి వెళ్తే వాళ్ల కాళ్లతో పోటీ పడాలి. లేహ్ మూడున్నర వేల మీటర్ల ఎత్తులో ఉంది. విమానం దిగిన మర్నాడే ట్రైనింగ్ పెట్టకండి, రెండు మూడు రోజులు ఊరికే ఉండనివ్వండి. ఇంకో సంగతి: భారత జట్టుకు ఆడాలంటే భారత పాస్‌పోర్టు ఉండాలి, ఓసీఐ (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివాళ్లకు ఇచ్చే) కార్డు సరిపోదు. పౌరసత్వం మార్చుకునే ఆలోచన ఉన్న కుటుంబాలు ఇది ముందే తెలుసుకోవాలి.

అపోహ: పుట్టిన తేదీ కొంచెం "సర్దితే" పిల్లాడికి లాభం.

ఈ మాట నా ముఖం మీదే అడిగారు, ఒకసారి కాదు. వయసు గ్రూపులకు జనవరి 1 హద్దు పెడితే జనవరి పిల్లాడికి, డిసెంబర్ పిల్లాడికి దాదాపు ఏడాది తేడా ఉంటుంది. పదేళ్ల వయసులో ఏడాది అంటే ఎత్తులో, బలంలో చాలా. కెనడాలో బార్న్స్‌లీ అనే పరిశోధకుడు 1985లోనే ఈ సంగతి చూపించాడు: పై స్థాయి ఆటగాళ్లలో ఏడాది మొదటి నెలల్లో పుట్టినవాళ్లు ఎక్కువ. పెద్దగా కనిపించిన పిల్లాడిని ఎంచుకుంటారు, ఎంచుకున్నవాడికి మంచి కోచింగ్ దొరుకుతుంది, తేడా ఇంకా పెరుగుతుంది.

కానీ 2013లో వచ్చిన మరో పరిశోధన రెండో సగాన్ని చెప్పింది. డ్రాఫ్ట్‌లో ఎంపికైనవారిలో ఏడాది చివర పుట్టినవాళ్లే, తాము ఎంపికైన స్థానంతో పోలిస్తే ఎక్కువ రాణించారు. కాబట్టి మీ నవంబర్ బాబు వెనకబడ్డాడని కంగారు పడకండి, ఆటలో ఉంచండి. తేదీ దిద్దడం నేరం. పైగా పిల్లాడికి మీరు నేర్పే మొదటి పాఠం అదవుతుంది. అలా అడిగినవారి పిల్లలను నేను టోర్నమెంటుకు పంపను.

అపోహ: పద్దెనిమిదేళ్లకు డ్రాఫ్ట్‌లో పేరు రాకపోతే అంతే.

డ్రాఫ్ట్ ఏడు రౌండ్లు, 32 జట్లు, మొత్తం 224 పేర్లు. ఆ ఏడాది సెప్టెంబర్ 15 నాటికి పద్దెనిమిది నిండాలి. పైన చెప్పిన మాథ్యూస్ 1997 సెప్టెంబర్ 17న పుట్టాడు. రెండు రోజుల తేడాతో 2015 డ్రాఫ్ట్ తప్పింది. ఆ ఏడాది స్విట్జర్లాండ్ వెళ్లి జ్యూరిక్ జట్టులో పెద్దవాళ్లతో ఆడి, మరుసటి ఏడాది వచ్చాడు.

పేరు రానివాళ్లకూ దారి మూసుకుపోదు. ఐదడుగుల ఎనిమిది అంగుళాల మార్టిన్ సెయింట్ లూయిస్‌ను ఏ జట్టూ డ్రాఫ్ట్‌లో తీసుకోలేదు. అతనే 2004లో లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడికి ఇచ్చే హార్ట్ ట్రోఫీ, లీగ్ విజేత జట్టుకు దక్కే స్టాన్లీ కప్ రెండూ అందుకున్నాడు. "మావాడు పొట్టి" అని దిగులు పడేవాళ్లకు కూడా నా జవాబు ఇదే. మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ అర్ష్‌దీప్ బైన్స్. కెనడాలోని సర్రేకు చెందిన పంజాబీ కుర్రాడు, ఎవరూ డ్రాఫ్ట్ చేయలేదు. 2021-22లో కుర్రాళ్లు ఆడే జూనియర్ లీగ్ అయిన వెస్టర్న్ హాకీ లీగ్‌లో 112 పాయింట్లతో (చేసిన గోల్స్, గోల్స్‌కు ఇచ్చిన పాస్‌లు కలిపి) అందరికంటే ముందు నిలిచాడు. ఎన్‌హెచ్‌ఎల్ జట్టు వాంకూవర్ ఒప్పందం ఇచ్చింది, 2024 ఫిబ్రవరిలో మొదటి ఎన్‌హెచ్‌ఎల్ మ్యాచ్ ఆడాడు. డ్రాఫ్ట్ అయినవాళ్లలో చాలామంది అక్కడ స్థిరపడలేకపోవడం కూడా అంతే నిజం. స్వీడన్, ఫిన్‌లాండ్, జర్మనీ, స్విట్జర్లాండ్ లీగ్‌లలో ఆడి గౌరవంగా బతికేవాళ్లు ఎందరో ఉన్నారు. ప్రొఫెషనల్ అంటే ఎన్‌హెచ్‌ఎల్ ఒక్కటే కాదు.

అపోహ: ఆట కావాలంటే చదువు వదులుకోవాలి.

ఇది పూర్తిగా తప్పు. వెస్టర్న్ లీగ్‌లో ఆడిన ప్రతి సీజన్‌కు ఒక ఏడాది ఉన్నత విద్య ఖర్చు స్కాలర్‌షిప్‌గా ఇస్తారు. ఇంతకుముందు వెస్టర్న్ లీగ్ లాంటి కెనడా ప్రధాన జూనియర్ లీగ్‌లలో ఆడినవాళ్లకు అమెరికా కాలేజీ హాకీ తలుపులు మూసుకుపోయేవి. 2025 ఆగస్టు నుంచి ఆ నిబంధన మారింది. ఇప్పుడు రెండు దారులూ కలుస్తున్నాయి. మార్కులు బాగున్న పిల్లాడికి ఒక తలుపు ఎక్కువ.

అపోహ: ఇప్పుడే ఏజెంటును పట్టుకోవాలి.

తొమ్మిదేళ్ల పిల్లాడికి ఏజెంటు ఏం చేస్తాడు? నిజమైన ఏజెంటుకు ఆదాయం వచ్చేది ఆటగాడు సంతకం చేసిన ఒప్పందంలో వాటా నుంచి. ముందే లక్షలు అడిగి "విదేశీ అకాడమీలో సీటు" అనేవాళ్లు వేరే వ్యాపారం చేస్తున్నారు. నాకు తెలిసిన ఒక కుటుంబం ఊళ్లో పొలం అమ్మి అలా కట్టింది. వచ్చింది మూడు వారాల వేసవి క్యాంపు, ఒక సర్టిఫికెట్. ఆ తండ్రి నా ముందు కూర్చుని ఏడ్చాడు. ఆ క్యాంపులో డబ్బు కట్టిన ఎవరికైనా సీటు ఇస్తారని అప్పుడే ఆయనకు తెలిసింది.

అపోహ: ఆడపిల్లకు ఇందులో ఏముంది?

2025లో యూఏఈలోని అల్ ఐన్‌లో జరిగిన ఐస్ హాకీ ఆసియా కప్‌లో భారత మహిళల జట్టు కాంస్యం గెలిచింది. జట్టులో ఎక్కువమంది లద్దాఖ్ అమ్మాయిలే. ఉత్తర అమెరికాలో 2024 జనవరి 1న మహిళల ప్రొఫెషనల్ లీగ్ పీడబ్ల్యూహెచ్‌ఎల్ ఆరు జట్లతో మొదలైంది, తర్వాత ఎనిమిదికి పెరిగింది. నా బ్యాచ్‌లో అందరికంటే పదునుగా మలుపు తిరిగేది పన్నెండేళ్ల కర్నూలు అమ్మాయి. వాళ్ల అమ్మమ్మ "దెబ్బలు తగిలితే పెళ్లెలా అవుతుందమ్మా" అని అడిగేది. ఇప్పుడు మంకీ టోపీ పెట్టుకుని, ఫ్లాస్కులో పాలు తెచ్చి, ఆరు గంటలకే గ్యాలరీలో కూర్చుంటోంది.

చివరగా, ఉద్యోగం మీద కెనడా వెళ్తున్న కుటుంబాలు అడిగేది ఒకటుంది. పిల్లాడిని ముందుగా బాబాయి ఇంటికి ఒక్కడినే పంపితే ఆటలో ముందుంటాడా అని. పంపకండి. అక్కడ పిల్లల హాకీలో ఏ సంఘం తరఫున ఆడాలనేది సాధారణంగా తల్లిదండ్రుల నివాసాన్ని బట్టి ఉంటుంది. వెళ్లాక మొదటి ఏడాది హౌస్ లీగ్‌లో, అంటే ఎంపిక పోటీలు లేని స్థానిక పిల్లల లీగ్‌లో, చేర్చండి. అక్కడ అందరికీ ఆడే సమయం దొరుకుతుంది. పోటీ జట్టు ట్రైఅవుట్లకు (ఎంపిక పరీక్షలకు) తర్వాత వెళ్లవచ్చు. టొరంటో చుట్టుపక్కల వచ్చే సీజన్ ట్రైఅవుట్లు వసంతంలోనే అయిపోతాయి. అందుకే జూన్‌లో దిగి, జట్టు దొరకలేదని కుమిలిపోవద్దు. హౌస్ లీగ్ రిజిస్ట్రేషన్ ఎప్పుడో కనుక్కోండి. వెళ్లేముందు ఒక నెల రోజులు పిల్లాడిని నా దగ్గరికి పంపండి, కనీసం రెండు కాళ్లతో ఆగే భంగిమైనా నేర్పి పంపుతాను.