మల్టీహాప్ వైఫైలో ఛానల్ పంపకం: అపోహలు, వాస్తవాలు

ఒక్కో నోడ్‌కు ఒకే రేడియో, అన్నీ ఒకే ఛానల్‌లో నడిచే మెష్ (నోడ్ నుంచి నోడ్‌కు, హాప్ వెంట హాప్‌గా డేటా అందించుకునే నెట్‌వర్క్) గురించే ఇదంతా.

అపోహ: బ్యాకాఫ్ (పంపే ముందు లాటరీ వేసినట్టు కొంతసేపు ఆగడం) నియమం అందరికీ ఒక్కటే, కాబట్టి వాటా కూడా సమానమే.

నియమం ఒక్కటే, కానీ వినబడేది ఒక్కటి కాదు. పక్కపక్కన మూడు లింకులున్నాయనుకోండి. మధ్యదానికి రెండు పక్కలా వినబడుతుంది. ఆ రెండింటికీ ఒకదాని ఊసు మరొకదానికి తెలియదు. 6 ఎంబీపీఎస్‌లో 1500 బైట్ల ప్యాకెట్ గాలిలో 2 మిల్లీసెకన్లకు పైగా ఉంటుంది. ఆ తర్వాత మిగిలే ఖాళీ: డిఫ్స్ (పంపే ముందు తప్పనిసరి విరామం) 34 మైక్రోసెకన్లు, సగటున ఏడున్నర స్లాట్ల బ్యాకాఫ్ (ఒక్కో స్లాట్ 9 మైక్రోసెకన్లు), వెరసి 100 మైక్రోసెకన్లు. అంటే ఒక్కో పక్క లింకు ఊరుకునేది నాలుగైదు శాతం కాలమే. రెండూ ఒకేసారి ఊరుకోవడం వెయ్యికి రెండు పాళ్లు. ఆ సందులోనే మధ్య లింకు డిఫ్స్ కాచుకుని, ఆగిపోయిన బ్యాకాఫ్ కౌంటర్‌ను సున్నాకు దించుకోవాలి. ఇక దానికి దక్కేదేముంటుంది?

లాగ్‌లో తప్పేమీ కనబడదు. సిగ్నల్ బాగుంటుంది, రీట్రైలు తక్కువే. లైనక్స్‌లోని ఐడబ్ల్యూ టూల్‌తో సర్వే డంప్ (ఛానల్ వాడకం లెక్కలు) తీయండి: బిజీ టైమ్ 90 శాతం దాటి, ట్రాన్స్‌మిట్ టైమ్ నామమాత్రంగా ఉంటే జబ్బు ఇదే. పవర్ పెంచితే తగ్గదు. ఒక పక్క లింకును వేరే ఛానల్‌కు మార్చండి. కుదరకపోతే పక్క లింకుల సీడబ్ల్యూమిన్‌ను (బ్యాకాఫ్ స్లాట్లను ఎంచుకునే పరిధి) 15 నుంచి 63కో, 127కో పెంచండి. వాటి వేగం కొంత తగ్గుతుంది, మధ్యదానికి ఊపిరాడుతుంది.

అపోహ: ఆర్‌టీఎస్-సీటీఎస్ (పంపే ముందు అనుమతి అడిగి తీసుకోవడం) ఆన్ చేస్తే సరిపోతుంది.

అది హిడెన్ నోడ్ గుద్దుకోవడాలకు (ఒకదానికొకటి వినబడని నోడ్‌లు ఒకే చోటికి ఒకేసారి పంపడం) మందు. పై కేసులో గుద్దుకోవడమే లేదు.

అపోహ: హాప్‌లు పెరిగితే వేగం తగ్గుతుంది, అంతే.

వేగం తగ్గడం అందరికీ తెలిసిందే. అసలు ప్రమాదం క్యూ, అంటే పంపడానికి కాచుకున్న ప్యాకెట్ల వరస. మూడు హాప్‌ల వరకు గొలుసు నిలకడగా ఉంటుంది. నాలుగో హాప్ నుంచి మొదటి రిలే (మధ్యలో అందించే నోడ్) క్యూ పెరుగుతూనే పోతుందని 2009లో ఈజెడ్-ఫ్లో అనే పద్ధతిని రూపొందించిన పరిశోధకులు చూపించారు. సోర్స్‌కు పోటీదారులు తక్కువ. రిలే మాత్రం అటు సోర్స్‌తో, ఇటు ముందున్న రిలేలతో పోటీ పడాలి. అందుకే వచ్చినంత వేగంగా పంపలేదు. 1000 ప్యాకెట్ల క్యూ నిండి, బయటికి 1 ఎంబీపీఎస్ పోతుంటే ఆలస్యం 12 సెకన్లు!

రిలేలో బఫర్ పెంచడం ఇంకా చెడ్డ పని. కళ్లెం సోర్స్ దగ్గరే వేయాలి. ఐపెర్ఫ్3 (వేగం కొలిచే టూల్) యూడీపీతో రేటు కొద్దికొద్దిగా పెంచుతూ, పింగ్ ఎక్కడ ఎగబాకుతుందో చూసి, అందులో 80-90 శాతానికి షేపర్ (రేటు పరిమితి) పెట్టండి.

అపోహ: ప్యాకెట్లు సమానంగా వెళ్తే న్యాయం జరిగినట్టే.

1500 బైట్ల అదే ప్యాకెట్‌కు 54 ఎంబీపీఎస్‌లో పట్టేది పావు మిల్లీసెకను. వంతులు సమానమైతే 6 ఎంబీపీఎస్ నోడ్ ఎనిమిదింతల సమయం తింటుంది. ఎయిర్‌టైమ్ ఫెయిర్‌నెస్ (ప్యాకెట్లను కాక గాలిలో సమయాన్ని సమానంగా పంచడం) దీన్ని సరిచేస్తుంది. అయితే ఐదిళ్ల ట్రాఫిక్ మోసే రిలేకూ, ఒక్క ఇంటి నోడ్‌కూ సమాన ఎయిర్‌టైమ్ ఇస్తే అదీ అన్యాయమే. రిలేకు వెయిట్ పెంచాలి.

అపోహ: దూరపు లింకుకు పెద్ద యాంటెన్నా చాలు.

సిగ్నల్‌కు కిలోమీటరుకు 3.3 మైక్రోసెకన్లు పడుతుంది. 15 కిలోమీటర్లకు 50. స్లాట్ చూస్తే 9. అవతలి నోడ్ మొదలుపెట్టిందో లేదో తెలిసేలోపు ఇవతలిది పంపేస్తుంది. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో (రూటర్ల సాఫ్ట్‌వేర్) దూరాన్ని మీటర్లలో నింపితే అకనాలెడ్జ్‌మెంట్ (అందిందన్న జవాబు) గడువు సర్దుకుంటుంది గానీ ఒకేసారి పంపడం పూర్తిగా ఆగదు. దానికి టీడీఎంఏ (ముందే సమయం కేటాయించి వంతులవారీగా పంపడం) కావాలి. 2005లో భాస్కరన్ రామన్, కామేశ్వరి చేబ్రోలు ప్రతిపాదించిన 2పీ ప్రోటోకాల్ ఇలాంటిదే: ఒక టవర్ మీది లింకులన్నీ ఒకేసారి పంపుతాయి, ఒకేసారి వింటాయి.