ఇక్కడ చినుకే లేదు, ఇంక వరదేంటండీ?

జూలై వస్తే నా ఫోన్‌కి ఒకటే ప్రశ్న. "ఏవండీ, ఎండ ఫెళ్లున కాస్తోంది, వారం నుంచి చినుకు లేదు, మీరేమో గోదారి లంకలోకి వద్దంటున్నారు. రావడం ఇష్టం లేదా?" అడిగేది హైదరాబాద్ వాళ్లే అనుకునేరు. అమలాపురంలో పుట్టి పెరిగినవాళ్లు కూడా ఇదే అడుగుతారు. పన్నెండేళ్లుగా ఈ గోదారి డెల్టాలో కాలవగట్ల మీద, ఏటిగట్ల మీద, లంకల్లో, అంటే ఏటి మధ్య దీవుల్లో, జనాన్ని నడిపిస్తున్నాను. చాలా అపోహలకి నవ్వొస్తుంది గానీ దీనికి మాత్రం గుండె జారుతుంది.

అపోహ: మన దగ్గర వాన లేకపోతే గోదారి పెరగదు.

వాస్తవం: గోదారి మన వానతో పెరిగే ఏరు కాదు. ఎక్కడో నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టి 1,465 కిలోమీటర్లు వస్తుంది, దారిలో ప్రాణహిత, ఇంద్రావతి, శబరి కలుస్తాయి, అంటే విదర్భలోనో బస్తర్‌లోనో కురిసిన వాన నాలుగు రోజుల తర్వాత మన రేవు మెట్లెక్కుతుంది. అప్పటికి ఇక్కడ ఆకాశం అద్దంలా ఉండొచ్చు. భద్రాచలం దగ్గర పెరిగిన నీరు ధవళేశ్వరం చేరడానికి రోజు అటూ ఇటూగా పడుతుంది, కాబట్టి లంకలోకి వెళ్లాలనుకునేవాళ్లు చూడాల్సింది మన ఊరి మబ్బుని కాదు, నిన్న భద్రాచలంలో ఎన్ని అడుగులుందో.

"మరి ధవళేశ్వరం బ్యారేజీలో ఆపుకోవచ్చు కదండీ" అంటారు వెంటనే. ఆపలేరు. అది నీళ్లు దాచుకునే డ్యామ్ కాదు, మూడు డెల్టాల కాలవలకి నీరు ఎక్కడానికి ఏటి మట్టాన్ని నిలబెట్టే కట్టడం. వరదొస్తే 175 గేట్లూ ఎత్తి కిందికి వదిలేయడమే. ఆ కింద ఉన్నదే మనం నడిచే చోటు.

ఇంకో రకం వాళ్లున్నారు, కొంచెం చదువుకుని వస్తారు. "మొదటి వరద హెచ్చరిక ఇంకా ఎగరెయ్యలేదుగా" అంటారు. ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక 11.75 అడుగులకి, అంటే సుమారు 10 లక్షల క్యూసెక్కులకి. రెండోది 13.75కి, మూడోది 17.75కి. ఆ అంకెలు గట్లనీ ఊళ్లనీ దృష్టిలో పెట్టుకున్నవి, ఇసుకతిప్ప మీద కాలిబాటని కాదు. లంకల్లోకి వెళ్లే కాజ్‌వేలు, అంటే నీటికి కాస్త ఎత్తులో వేసిన దారులు, చాలాచోట్ల మొదటి హెచ్చరిక రాకముందే మునుగుతాయి. కనకాయలంక కాజ్‌వే మునిగిందన్న వార్త ఎన్నేళ్లు చదివాం మనం! 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు, 2022 జూలైలో 25 లక్షల పైచిలుకు వచ్చాయని అందరికీ గుర్తే, కానీ నడిచేవాడిని ముంచడానికి అంత వరద అక్కర్లేదు.

ఇదంతా నేనేదో పుట్టుకతో తెలుసుకుని చెబుతున్నది కాదు. ఈ పని మొదలుపెట్టిన ఏడాది, ఆగస్టులో, ఆరుగురిని గోదారి వశిష్ఠ పాయ మీద ఒక కాజ్‌వే దాటించి లంకలోకి తీసుకెళ్లాను. పొద్దున్న కాజ్‌వేకి జానెడు కింద ఉంది నీరు. మంచి ఎండ. జామతోటలు, అరటితోటలు చూసి, అక్కడే భోజనాలు చేసి మూడు గంటలకి వెనక్కొస్తే కాజ్‌వే లేదు. ఎర్రనీరు, మోకాలి లోతు ఉంటుందేమో, అడ్డంగా పారుతోంది. మోకాలి లోతేగా, చేతులు పట్టుకుని దాటేద్దాం అనుకున్నాను, సిగ్గుపడకుండా చెబుతున్నాను, నిజంగానే అనుకున్నాను. ఒక కాలు పెట్టా కూడా. వెనక గేదెల్ని తోలుకొస్తున్న పెద్దాయన ఒక్క కేక వేశాడు: "ఒరే అబ్బాయ్, గేదె దిగనంటోంది, నువ్వెక్కడికి దిగుతావురా?"

ఆగిపోయాం. ఎర్రనీటిలో కాజ్‌వే అంచు కనపడదు, రెయిలింగ్ ఉండదు, కింద పాచి. పారే నీరు మోకాలి లోతున్నా మనిషిని పక్కకి లాగేస్తుంది. చీకటి పడుతుండగా నాటుపడవ దొరికింది. మాలో ఒకావిడ ఇంట్లో చంటిపిల్లని వదిలొచ్చింది, ఆ రెండు మూడు గంటలూ ఫోన్లో పిల్లకి కబుర్లు చెబుతూ, మధ్యమధ్యలో నా మొహం చూస్తూ కూర్చుంది. ఆ చూపు ఇంకా మర్చిపోలేదు.

అందుకే ఇప్పుడు లంకలోకి దిగగానే నీటి అంచున ఒక పుల్ల గుచ్చుతాను. అరగంటలో పుల్ల తడిస్తే తిరుగుముఖం, డబ్బులు వెనక్కిచ్చేసినా సరే. తేట నీరు ఎర్రబడినా, గుర్రపుడెక్క, పుల్లలు, నురగ తేలుతూ వచ్చినా అంతే. పులస వస్తుందని సంబరపడే ఎర్రనీరే అది, మనం మాత్రం గట్టెక్కాలి.

ఇది పైనుంచి వచ్చే ప్రమాదం. కిందనుంచి వచ్చేది సముద్రపు పోటు. అంతర్వేది దగ్గర, గోదారి సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు వైపు ఇసుక మీద హాయిగా నడుచుకుంటూ పోతారు జనం, నీరు వెనక్కి తగ్గే పాటులో అది దారే, పోటు తిరిగాక అది దారి కాదు. రోజుకి రెండుసార్లు పోటు, మర్నాడు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది, అమావాస్యకీ పౌర్ణమికీ ఎక్కువ. కోరింగ మడ అడవుల్లో చెక్కబాట మీద నడిచేవాళ్లకి ఇబ్బంది లేదు గానీ, పడవ వాళ్లు ముందు తిథి చూస్తారు. సెలవురోజు చూసి వచ్చేది మనమే.

మిగతా మాటలు త్వరగా.

"ఈత వచ్చు, భయం లేదు." గోదారి ఇసుకలో తవ్విన గుంతలుంటాయి, పైన నీరు నిశ్చలంగానే కనిపిస్తుంది. రెండడుగులు మోకాలి లోతు, మూడో అడుగులో తల మునుగుతుంది. స్నానానికి రేవు తప్ప ఇంకెక్కడా దిగనివ్వను, ఎంత బతిమాలినా.

"ఈత రాదండీ, మేం రావచ్చా?" రండి, మీలాంటివాళ్లే నాకిష్టం, నీళ్ల జోలికి పోరు. మీకు కాలవగట్టు ఉంది. లొల్ల లాకుల నుంచి కిందికి నడవండి, పక్కన వరిచేలు, కొబ్బరితోటలు, ఎక్కడ అలిసిపోతే అక్కడ ఆటో. ఎండాకాలంలో మాత్రం కాలవలు కట్టేస్తారు, అప్పుడొచ్చి నీళ్లేవని నన్నడగొద్దు.

"కోనసీమంతా నీడేగా." చెమట సంగతి ఎవరూ చెప్పరు. ఏటిగట్టు మీద చాలా దూరం చెట్టే ఉండదు, గాలిలో తేమ వల్ల ఒళ్లు ఆరదు. మే నెలలో పది తర్వాత నడవొద్దు. డిసెంబరు, జనవరి మంచివి. ఇక కొబ్బరిచెట్టు నీడ దొరికింది కదా అని కాయల దింపు జరుగుతున్నచోట కూలబడేవాళ్లకి నేను చెప్పేదేమీ లేదు.

"కొండలు లేనిచోట ట్రెక్కింగేంటి?" పాపికొండలు వెళ్లండి, అది డెల్టా కాదు.

"మ్యాప్‌లో దారి ఉందండీ." ఏటి మీద మ్యాప్ గీసిన గీత చాలాచోట్ల పంటు, అంటే జనాన్ని, బళ్లని దాటించే పడవ. చీకటి పడితే ఆగిపోతుంది, గాలెక్కువైతే ఆగిపోతుంది, నీరు తగ్గి తిప్ప మేట వేసినా ఆగిపోతుంది, మ్యాప్ మాత్రం అటే పొమ్మంటుంది. అవతలికి వెళ్లేముందు ఆఖరి పంటు ఎన్నింటికో దాన్ని నడిపే సరంగుని అడగండి, ఆయన "ఆరుకి" అంటే ఐదింటికల్లా రేవులో ఉండండి, ఎందుకంటే జనం లేరనిపిస్తే ఆయన ఐదున్నరకే ఇంటికెళ్లిపోతాడు.