పాత పికప్ రిపేర్లలో డబ్బు ఎక్కడ వృథా అవుతుంది? కొన్ని అపోహలు, వాస్తవాలు

పాత పికప్ ఉన్నవాళ్లకు సలహాలకు కొదవ ఉండదు. "ఇంజన్ దింపెయ్", "చిక్కటి ఆయిల్ పొయ్యి", "ఇంకో రెండు కమాన్ పట్టీలు ఎక్కించు" అని తలా ఒకటి చెబుతారు. రిపేర్ పనిలో నేను చూస్తున్నది వేరు. ఖర్చు పెరిగేది పార్టులు అరగడం వల్ల కంటే, ఏది అరిగిందో చూసుకోకుండా మార్చుకుంటూ పోవడం వల్ల. ఇక్కడ రాస్తున్నది ఛాసిస్ మీద బాడీ విడిగా కూర్చుని, వెనక కమాన్ కట్టలు (బరువు మోసే ఉక్కు పట్టీల స్ప్రింగులు) ఉండే పాత తరం బండ్ల గురించి.

అపోహ: పొగ వస్తోందంటే ఇంజన్ దింపాల్సిందే

ముందు పొగ రంగు చూడండి. నల్లగా వస్తే గాలి తక్కువైంది, లేదా ఇంధనం ఎక్కువ పడుతోంది. ఎయిర్ ఫిల్టర్ చూశాకే నాజిల్స్ (ఇంధనం చిమ్మే పార్టులు) జోలికి వెళ్లాలి. డీజిల్ బండిలో పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు తెల్లగా వచ్చి కాసేపట్లో పోతే గ్లో ప్లగ్గులు (చల్లటి ఇంజన్ స్టార్ట్ అయ్యేలా వేడి చేసేవి) చెక్ చేయించండి. ఇంజన్ వేడెక్కాక కూడా తెల్లగానే వస్తూ, కూలెంట్ తగ్గిపోతుంటే హెడ్ గాస్కెట్ (ఇంజన్ బ్లాకుకీ హెడ్‌కీ మధ్య ఉండే సీలు) మీద అనుమానం పెట్టుకోవచ్చు. నీలంగా వస్తే ఆయిల్ కాలుతోందని అర్థం. అయినా వెంటనే పిస్టన్ రింగులు పోయాయని తేల్చేయకూడదు. వాల్వ్ సీల్స్ కావచ్చు, టర్బో ఉంటే దాని సీల్ కావచ్చు, బ్రీదర్ పైపు మూసుకుపోయి ఉండొచ్చు.

కంప్రెషన్ టెస్ట్ (సిలిండర్లో ఒత్తిడి ఎంత వస్తోందో కొలిచే పరీక్ష) చేయించకుండా ఎవరైనా "బోరు చేయాలి" (సిలిండర్లను లోపల కోసి సాపు చేయాలి) అంటే ఒప్పుకోవద్దు. పెట్రోల్ ఇంజన్లో ఒక సిలిండర్ రీడింగ్ తక్కువ వస్తే, ప్లగ్ రంధ్రంలోంచి కొంచెం ఆయిల్ వేసి మళ్లీ చూస్తారు. రీడింగ్ పెరిగితే లోపం రింగుల దగ్గర, పెరగకపోతే వాల్వులు లేదా గాస్కెట్ దగ్గర. డీజిల్ ఇంజన్లో మాత్రం ఈ ఆయిల్ పద్ధతి వాడకండి. పిస్టన్ పైన ఉండే ఖాళీ చాలా తక్కువ కాబట్టి రీడింగ్ నమ్మలేం, ఇంజన్ దెబ్బతినొచ్చు కూడా.

అపోహ: హీటెక్కుతుంటే థర్మోస్టాట్ తీసేస్తే సరి

ఈ సలహా ఎంత చెప్పినా చావడం లేదు. థర్మోస్టాట్ చాలా ఇంజన్లలో 80 – 90 డిగ్రీల మధ్య తెరుచుకుంటుంది. తీసేస్తే ఇంజన్ ఎప్పుడూ చల్లగానే తిరుగుతుంది. ఇంధనం ఎక్కువ తాగుతుంది, ఆయిల్లో చేరిన తేమ ఆవిరవదు, సిలిండర్లు త్వరగా అరుగుతాయి. కొన్ని ఇంజన్లలో థర్మోస్టాటే బైపాస్ దారిని మూసే పని కూడా చేస్తుంది. వాటిలో అది తీసేస్తే నీళ్లు కొంతవరకు రేడియేటర్‌కి వెళ్లకుండానే ఇంజన్లో తిరుగుతాయి. తగ్గాల్సిన వేడి ఇంకా పెరుగుతుంది.

హీటెక్కే బండిలో ముందు చూడాల్సింది అన్నిటికంటే చవకైన రేడియేటర్ మూత. అది సుమారు 1 బార్ ఒత్తిడిని నిలబెడితే మామూలు నీళ్లు కూడా 120 డిగ్రీల దాకా మరగవు. స్ప్రింగ్ వదులైతే 100కే మరిగి పొంగిపోతాయి. తర్వాత ఫ్యాన్ బెల్ట్, ఫ్యాన్ క్లచ్, రేడియేటర్ రెక్కల మధ్య ఇరుక్కున్న మట్టి చూడాలి. ఇవన్నీ బాగున్నాకే వాటర్ పంప్, హెడ్ గాస్కెట్ మాట. అన్నట్టు, మూత మాత్రం ఇంజన్ చల్లారాకే తెరవండి.

కూలెంట్ చలి ప్రాంతాలకే అనుకోవడం కూడా పొరపాటే. అది తుప్పును ఆపుతుంది, మరిగే స్థాయిని పెంచుతుంది. ఉత్త నీళ్లతో ఏళ్లు నడిచిన ఇంజన్లో నీటి దారులు తుప్పుతో, పొలుసుతో నిండిపోతాయి.

అపోహ: కమాన్ పట్టీలు పెంచితే బండి మోసే బరువు పెరుగుతుంది

వెనక భాగం కిందికి వంగకుండా ఉంటుంది, అంతే. బండి ఎంత మోయగలదో యాక్సిల్, బేరింగులు, టైర్లు, బ్రేకులు, ఛాసిస్ కలిసి నిర్ణయిస్తాయి. వాటన్నిటిలో ఏది బలహీనమో అదే హద్దు. ఉదాహరణకు టైరు మీద లోడ్ ఇండెక్స్ 100 అని ఉంటే ఆ టైరు గరిష్ఠంగా 800 కిలోలు మోస్తుంది. పైన ఎన్ని పట్టీలు వేసినా ఆ అంకె మారదు.

చాలామందికి తెలియని ప్రమాదం ఒకటి ఇందులో ఉంది. ఎన్నో పాత పికప్‌లకు వెనక యాక్సిల్ దగ్గర ఒక కడ్డీ, దానికి కలిపి లోడ్ సెన్సింగ్ వాల్వ్ ఉంటాయి. లోడ్ పడి ఛాసిస్ కిందికి దిగితే ఆ వాల్వ్ వెనక బ్రేకులకు ఒత్తిడి పెంచుతుంది, ఖాళీగా ఉంటే తగ్గిస్తుంది. పట్టీలు పెంచి వెనక భాగం లేపేశారనుకోండి. నిండా లోడ్ ఉన్నా ఆ వాల్వ్ బండి ఖాళీగానే ఉందనుకుంటుంది. ఆపే భారమంతా ముందు బ్రేకుల మీద పడుతుంది. ప్యాడ్లు మాటిమాటికీ అరిగిపోతాయి, బండి ఆగే దూరం పెరుగుతుంది. కొత్త ప్యాడ్లు ఎన్నిసార్లు వేసినా ఈ లోపం పోదు. కమాన్ పని చేయించిన ప్రతిసారీ మాన్యువల్ ప్రకారం ఆ కడ్డీని సెట్ చేయించాలి. తీగతో కట్టి వదిలేసిన కడ్డీలూ కనిపిస్తుంటాయి, దయచేసి ఆ పని చేయకండి. కమాన్లు నిజంగా కూలబడితే అసలు ఎత్తుకు తెప్పించి, బుష్‌లు మార్చితే చాలు.

అపోహ: పెద్ద టైర్లు వేస్తే బండికి బలం

చూడ్డానికి బాగుంటుంది, కాదనను. కానీ టైరు వ్యాసం 10 శాతం పెరిగితే పుల్లింగ్ దాదాపు అంతే తగ్గుతుంది, క్లచ్ మీద భారం పడుతుంది. మీటరు 60 చూపిస్తుంటే అసలు వేగం 66 దాకా ఉంటుంది. కిలోమీటర్లు కూడా తక్కువే తిరుగుతాయి కాబట్టి, మైలేజీ పడిపోయిందని బాధపడేవాళ్ల లెక్కలో కొంత తప్పు అక్కడే ఉంటుంది.

అపోహ: వెలుతురు తగ్గితే ఎల్ఈడీ బల్బులే మందు

హాలోజన్ కోసం చేసిన డూమ్‌లో ఎల్ఈడీ బల్బు పెడితే వెలుగు చెదిరి, ఎదుటివాళ్ల కళ్లలో కొడుతుంది. పాత బండిలో అసలు జబ్బు ఎక్కువగా వైరింగులో ఉంటుంది. ఇంజన్ నడుస్తుండగా లైట్లు వేసి, బ్యాటరీ దగ్గర ఒకసారి, బల్బు సాకెట్ దగ్గర ఒకసారి మల్టీమీటర్ పెట్టి చూడండి. హాలోజన్ బల్బుకు వోల్టేజీ 10 శాతం తగ్గితే వెలుతురు దాదాపు 30 శాతం పడిపోతుంది. రిలే పెట్టి, కొంచెం లావు వైరు లాగి, ఎర్త్ పాయింట్ గీకి బిగిస్తే అదే బల్బు కొత్తదానిలా వెలుగుతుంది. డైనమో మార్చాలన్నా ముందు ఇదే కొలత: ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 13.8 – 14.5 వోల్టులు వస్తుంటే ఛార్జింగ్‌కి ఢోకా లేదు.

అపోహ: గేర్ ఆయిల్ ఏదైనా ఒకటే

క్రౌన్‌లో (వెనక యాక్సిల్ మధ్యలోని గేర్లలో) పోసే జీఎల్-5 గ్రేడు ఆయిల్‌ని, జీఎల్-4 అడిగే పాత గేర్‌బాక్సులో పోస్తే లోపలి ఇత్తడి సింక్రో రింగులకు (గేర్లు సాఫీగా పడేలా చేసేవి) చేటు. కొన్నాళ్లకు గేర్లు గరగరమంటాయి. డబ్బా మీద ఏం రాసుందో చదవండి, చాలు.

అపోహ: సెకండ్ హ్యాండ్ పార్టులు ముట్టుకోకూడదు

డోర్లు, సీట్లు, అద్దాలు, బంపర్లు, తొట్టి, క్రౌన్ హౌసింగ్ లాంటివి నిక్షేపంగా కొనొచ్చు. బ్రేక్ హోస్‌లు, వీల్ సిలిండర్లు, బాల్ జాయింట్లు, టైరాడ్ ఎండ్లు, బెల్టులు మాత్రం ఎంత చవకగా వచ్చినా వద్దు. పాత టైరు కొనేటప్పుడు గుండీ (టైరు పైన గాడుల లోతు) ఎంతుందో చూసి మురిసిపోకుండా, పక్క గోడ మీద డాట్ కోడ్ చివరి నాలుగు అంకెలు చదవండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. గుండీ నిండుగా ఉన్నా రబ్బరు వయసు దానికుంటుంది. కొన్నప్పటి నుంచీ కిందికి దించని స్టెప్నీ టైరుకూ ఇదే లెక్క.