టోక్యో వస్తే ఒక సినిమాకు వెళ్దాం

చిరంజీవులైన పిల్లలకు,

అమ్మమ్మ ఆశీస్సులు. ఇక్కడ మేమంతా క్షేమం.

సెలవులకు మీరు టోక్యో వస్తున్నారని పిన్ని చెప్పినప్పటి నుంచి ఇంట్లో ఒకటే సందడి. మీరు పంపిన లిస్టు కూడా చూశాను. టవరు ఉంది, గుళ్లున్నాయి, బుల్లెట్ రైలుంది, చివరికి చేపల మార్కెట్ కూడా ఉంది. సినిమా హాలు ఒక్కటే లేదు. ఫోన్లో అడిగితే, "సినిమా అయితే ఇక్కడే చూడొచ్చు కదా అమ్మమ్మా, అంత దూరం వచ్చి హాల్లో కూర్చోవడమెందుకు?" అన్నారు. ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పగలిగే జవాబు కాదు అది. అందుకే రాస్తున్నాను.

కొత్త ఊరికి వెళ్లినప్పుడు మనం చూసేదంతా బయటి నుంచే. గుడి ముందు నిలబడి ఫోటో తీసుకుంటాం, చుట్టూ చూస్తే అక్కడున్నవాళ్లలో సగం మంది మనలాగే వచ్చినవాళ్లు. ఆ ఊరివాళ్లు ఎవరి పనుల్లో వాళ్లుంటారు, మనల్ని ఇళ్లలోకి పిలిచేంత పరిచయం ఉండదు. సినిమా హాల్లో మాత్రం టికెట్ కొన్న ఎవరైనా ఆ ఊరివాళ్ల మోచేతి పక్కనే రెండు గంటలు కూర్చోవచ్చు. వాళ్లు దేనికి నవ్వుతారో, ఎక్కడ బిగుసుకుపోతారో, ఏడుపొస్తే కళ్లు ఎలా తుడుచుకుంటారో దగ్గర నుంచి తెలుస్తుంది. భాష రాని నాలాంటిదానికి ఈ ఊరి మనుషులు కాస్తయినా అర్థమయ్యారంటే అది హాళ్లలోనే.

షింజుకు అని చాలా పెద్ద స్టేషన్ ఉంది. అక్కడి నుంచి నడిచివెళ్లేంత దూరంలో కాబుకిచో అనే పేటలో, ఒక భవనం మీద నుంచి గాడ్జిల్లా తల వీధిలోకి చూస్తూ ఉంటుంది. అక్కడే తోహో అనే సినిమా సంస్థ వాళ్ల మల్టీప్లెక్స్, 2015లో తెరిచారు, 12 స్క్రీన్లు. మిమ్మల్ని ముందు అక్కడికి తీసుకెళ్తాను. టికెట్లు మెషిన్‌లో తీసుకోవాలి. ఇంగ్లీషు బటన్ ఉంటుంది కాబట్టి మీకేం ఇబ్బంది లేదు. వరుసకు అక్షరం, సీటుకు నంబరు. ఎవరి సీట్లో వాళ్లే కూర్చోవాలి, హాలు సగం ఖాళీగా ఉన్నా సరే పక్కకు జరిగి కాళ్లు చాపుకునే అలవాటు ఇక్కడ లేదు.

టికెట్ ఖరీదే. 2023 నుంచి తోహో హాళ్లలో పెద్దవాళ్లకు 2,000 యెన్లు, మన డబ్బుల్లో వెయ్యి పైమాటే. స్కూలు పిల్లలకు 1,000 యెన్లే. అరవై దాటినవాళ్లకు తగ్గింపుంది, నేను దాన్నే వాడుకుంటాను. నెలలో 1వ తేదీన అందరికీ తగ్గింపు ఇచ్చే హాళ్లు చాలా ఉన్నాయి. డిసెంబర్ 1ని ఇక్కడ 'సినిమా రోజు'గా జరుపుకుంటారు. 1896లో కోబే నగరంలో కైనెటోస్కోప్ ప్రదర్శించారు. అది ఒక పెట్టె, ఒక్కొక్కరే కన్ను ఆనించి లోపల కదిలే బొమ్మలు చూడాలి. దాని గుర్తుగానే ఆ రోజు. అదే ఏడాది జులైలో మన బొంబాయిలో వాట్సన్ హోటల్లో ఫ్రాన్స్‌కు చెందిన లూమియేర్ సోదరుల కదిలే బొమ్మలు ఆడాయి. అంటే రెండు దేశాల్లోనూ కదిలే బొమ్మలు మొదలైంది ఒకే ఏడాది అన్నమాట.

టైము చూసేటప్పుడు కాస్త జాగ్రత్త. అర్ధరాత్రి దాటిన ఆటను కొన్నిచోట్ల 25:10 అని వేస్తారు. అంటే ఆ రాత్రి గడిచాక ఒంటిగంటా పది నిమిషాలకు. అదెలాగూ మీకు పనికిరాదు. రాత్రి 11 దాటాక ముగిసే ఆటకు 18 ఏళ్ల లోపువాళ్లను టోక్యోలో అనుమతించరు, పక్కన అమ్మానాన్న ఉన్నా సరే. సినిమాకు ఏ వయసు సర్టిఫికెట్ ఇచ్చారో కూడా చూడాలి. జీ ఉంటే అందరూ చూడొచ్చు. పీజీ12 ఉంటే పన్నెండేళ్ల లోపు పిల్లలకు పెద్దవాళ్లు తోడుండి చెప్పాలి. ఆర్15 ఉంటే చిన్నవాడు ఇంట్లో ఉండాల్సిందే.

భాష సంగతి. ఒకే హాలీవుడ్ సినిమా ఒకే హాల్లో రెండు రకాలుగా ఆడుతుంటుంది. 'జిమాకు' అని ఉంటే అసలు భాష వినిపిస్తూ కింద జపనీస్ అక్షరాలు పడతాయి. 'ఫుకికాయె' అని ఉంటే డబ్బింగ్. సబ్‌టైటిళ్లు రాసేవాళ్లకు ఇక్కడ ఒక లెక్కుంది, మాట వినిపించే ఒక్కో సెకనుకు నాలుగు అక్షరాలకు మించకూడదు. చూసేవాడు చదవడంలో పడి నటుల ముఖాలు వదిలేయకూడదని అంత పట్టుదల. మీకు నా సలహా మాత్రం ఈ రెండూ కాదు. ఒక జపనీస్ సినిమాకే రండి, ఇంగ్లీషు అక్షరాలు లేకపోయినా పర్వాలేదు. యానిమేషనో, ఇంటిల్లిపాదీ చూసే కథో ఎంచుకుందాం. కథ ముందే రెండు పేజీలు చదువుకుంటే చాలు. మాట అర్థం కానప్పుడు కళ్లు, చెవులు రెట్టింపు పనిచేస్తాయి.

పాప్‌కార్న్ కొంటే ట్రేలో పెట్టి ఇస్తారు. ఆ ట్రే అడుగున గుండ్రటి కాడలాంటిది ఉంటుంది. దాన్ని కుర్చీ చేతి మీద కప్పు పెట్టుకునే గుంతలో దింపితే ట్రే కదలకుండా బల్లలా నిలబడుతుంది. ఉప్పుదీ క్యారమెల్‌దీ సగం సగం కూడా అడగొచ్చు. చలేస్తే కప్పుకోవడానికి దుప్పటి ఇచ్చే హాళ్లున్నాయి, చిన్నపిల్లలకు ఎత్తుగా కూర్చోవడానికి కుషన్ ఇస్తారు. అన్నీ వాడుకున్నాక ఎక్కడివక్కడ పెట్టి వస్తారు. ట్రే, గ్లాసు, మిగిలిన గింజలతో సహా ఎవరిది వాళ్లే తీసుకొచ్చి బయట నిలబడ్డ మనిషికి అందిస్తారు. మీరూ అలాగే చేయాలి, నేను పక్కనుండి చూస్తాను.

ఇప్పుడు చెప్పబోయేది మాత్రం శ్రద్ధగా చదవండి. సినిమాకు ముందు ఒక చిన్న బిట్ వేస్తారు. తల స్థానంలో కెమెరా ఉన్న మనిషి ఒకడు సూటు వేసుకుని వింతగా గంతులేస్తుంటాడు, పోలీసు లైటు తలగా ఉన్న ఇంకొకడు వచ్చి పట్టుకుంటాడు. పిల్లలకు అదంటే సరదా. కానీ దాని వెనక చట్టముంది. హాల్లో తెరను రికార్డు చేయడం 2007 నుంచి జపాన్‌లో నేరం. పదేళ్ల వరకు జైలు, కోటి యెన్ల వరకు జరిమానా. మన దగ్గర హీరో పేరు పడగానే హాలంతా ఫోన్లు పైకి లేస్తాయి, స్టేటస్ పెట్టుకోవడానికి ముప్పై సెకన్లు తీయడం తప్పని ఎవరికీ అనిపించదు. ఇక్కడ ఆ పని కలలో కూడా వద్దు. టైము చూసుకోవడానికి ఫోన్ వెలిగించినా వెనక వరుసలవాళ్లకు ఇబ్బందే. స్విచాఫ్ చేసి సంచిలో పడేయండి.

ఇంటర్వెల్ ఉండదు. మూడు గంటల సినిమా అయినా ఏకబిగినే. బాత్రూమ్ పని ముందే చూసుకోండి.

ఇక నాకు అన్నిటికన్నా నచ్చిన విషయం. కథ అయిపోయి పేర్లు పడటం మొదలైనా ఎవరూ లేవరు. మన హాళ్లలో క్లైమాక్స్ ఫైటు ముగుస్తుండగానే పార్కింగ్ కోసం సగం మంది గుమ్మం దగ్గరుంటారు కదా. ఇక్కడ లైట్లు వేయరు, తలుపులు తీయరు. లైట్‌బాయ్‌లు, డ్రైవర్లు, భోజనాలు పెట్టినవాళ్లు, కుట్టుపనివాళ్లు, అందరి పేర్లూ చీకట్లో పైకి పాకుతూ ఉంటాయి. హాలంతా చివరి అక్షరం దాకా కూర్చుంటుంది. ఒకసారి నా పక్కన ఆఫీసు బట్టల్లో ఒకాయన కూర్చున్నాడు. సినిమా అంతా రాయిలా కదల్లేదు. పేర్లు పడేటప్పుడు జేబులోంచి మడత పెట్టిన రుమాలు తీసి, కళ్లద్దాలు ఎత్తి, రెండు కళ్లూ నెమ్మదిగా ఒత్తుకున్నాడు. మళ్లీ మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు. లైట్లు వెలిగేసరికి ముఖం మామూలుగా ఉంది. ఆ నాలుగు నిమిషాలు పేర్లవాళ్లకు మర్యాదే కాదు, చూసినవాళ్లు తమను తాము కూడదీసుకోవడానికి కూడా అని నాకప్పుడు అనిపించింది. అందుకే మిమ్మల్నీ లేవనివ్వను.

జపాన్ ప్రేక్షకులు ఎప్పుడూ ఇంత నిశ్శబ్దమే అనుకోకండి. అసాకుసా గుడి మీ లిస్టులో ఉంది. ఆ పక్క వీధుల్లోనే 1903లో డెన్‌కికాన్ అని, కేవలం సినిమాల కోసమే నడిచిన ఈ దేశపు తొలి హాలు మొదలైంది. అప్పటివన్నీ మూకీలు. తెర పక్కన బెన్షి అనే కథకుడు నిలబడి అన్ని పాత్రల మాటలూ తానే పలికేవాడు, కథ చెప్పేవాడు, జనాన్ని ఏడిపించేవాడు, నవ్వించేవాడు. సినిమా పేరు కన్నా బెన్షి పేరు చూసి హాలుకు వచ్చినవాళ్లున్నారు. మన దేశంలోనూ మూకీల రోజుల్లో తెర మీది అక్షరాలను చదివి చెప్పే మనుషులు హాళ్లలో ఉండేవాళ్లు, కానీ ఇక్కడ అది ఒక పెద్ద కళగా ఎదిగింది. టాకీలు రాగానే ఆ కళాకారుల బతుకు తలకిందులైంది. కురొసావా అనే మహా దర్శకుడి అన్న హెయిగో కూడా బెన్షీయే. తమ్ముడికి సినిమా పిచ్చి అంటించింది ఆయనే. ఉద్యోగాలు పోతుంటే బెన్షీల సమ్మెకు ముందు నిలిచాడు, ఓడిపోయారు, 1933లో చిన్న వయసులోనే పోయాడు. బెన్షి కళ మాత్రం పూర్తిగా చావలేదు. సవాతో మిదోరి లాంటివాళ్లు మన కాలంలోనూ మూకీలకు గొంతునిచ్చారు. మీరున్న రోజుల్లో అలాంటి ప్రదర్శన ఎక్కడైనా పడితే మిగతా ప్రోగ్రామ్ పక్కన పెట్టి మరీ తీసుకెళ్తాను.

ఆ పాత సందడిని మళ్లీ హాల్లోకి తెచ్చిన వాటిలో మన సినిమాలూ ఉన్నాయి పిల్లలూ. ఇది చెప్పడానికి నాకు ఎంత సంతోషమో. 'ఆర్ఆర్ఆర్' ఇక్కడ 2022 అక్టోబర్ 21న విడుదలైంది. అప్పటిదాకా జపాన్‌లో భారతీయ సినిమాల వసూళ్లలో మొదటి స్థానం రజనీకాంత్ 'ముత్తు'ది, 1998లో వచ్చి 24 ఏళ్లు చెక్కుచెదరలేదు. మన సినిమా రెండు నెలలు తిరక్కముందే దాన్ని దాటింది. తెలుగు మాటలే, కింద జపనీస్ అక్షరాలు. అలాంటి సినిమాలకు ఇక్కడ 'మసాలా' ఆటలని ప్రత్యేకంగా వేస్తారు. ఆ ఆటల్లో అరవొచ్చు, లేచి ఆడొచ్చు, కాగితం ముక్కలు చల్లొచ్చు. ఒసాకా దగ్గర అమాగసాకి అనే ఊళ్లో త్సుకాగుచి సన్‌సన్ అనే చిన్న హాలు వీటికి పేరు. చీరలు కట్టుకుని, కుర్తాలు వేసుకుని, డప్పులూ గలగలలాడే బొమ్మలూ పట్టుకుని వస్తారు. ఆట అయ్యాక చల్లిన కాగితాలన్నీ జనమే ఊడ్చి ఎత్తుతారు.

నాకు ఇంకా ఆశ్చర్యమేసింది టకారజుకా సంగతి. 1914 నుంచి ప్రదర్శనలు ఇస్తున్న, అందరూ ఆడవాళ్లే ఉండే నాటక సంస్థ అది. 2024 జనవరిలో వాళ్లు 'ఆర్ఆర్ఆర్' కథను స్టేజీ మీదికి తెచ్చారు. రామూ భీమూ ఇద్దరూ జపాన్ అమ్మాయిలే. సురభి నాటకాల్లో ఆడవాళ్లు మగ వేషం కట్టడం చూసిన మీ ముత్తమ్మమ్మ ఉండి ఉంటే ఎంత మురిసిపోయేదో.

పెద్ద మల్టీప్లెక్స్ ఒక్కటి చూసి ఊరుకోవద్దు. పాత సినిమాలు, విడుదలై కొన్నాళ్లైన సినిమాలు వేసే చిన్న హాళ్లు టోక్యోలో ఇంకా బతికున్నాయి. ఇకెబుకురోలో షిన్ బుంగెయిజా, తకదానొబాబాలో వసెదా షోచికు. ఒకే టికెట్ మీద రెండు సినిమాలు జతగా వేయడం వీటి పాత అలవాటు. కాలేజీ పిల్లలు, నా వయసువాళ్లు కలిసి కనిపించేది అక్కడే. జింబోచో పుస్తకాల వీధిలో ఇవానామి హాల్ అని ఉండేది. 1974లో అక్కడ మంచి విదేశీ సినిమాల వరస మొదలుపెట్టింది సత్యజిత్ రాయ్ సినిమాతోనే. కోవిడ్ దెబ్బకు తట్టుకోలేక 2022 జులైలో మూతపడింది. ఆ వీధికి పుస్తకాల కోసం ఎలాగూ వెళ్తాం, ఆ భవనం చూపిస్తాను. ఇలాంటి హాళ్లు ఉన్నప్పుడే వెళ్లి టికెట్ కొనాలి, మూతపడ్డాక బాధపడి లాభం లేదు.

ఇంకో ముఖ్యమైన సంగతి, హాలు దుకాణంలో అమ్మే పుస్తకం. మా చిన్నప్పుడు హాలు బయట సినిమా పాటల పుస్తకాలు అమ్మేవాళ్లు, వెనక అట్ట మీద 'మిగతా కథ వెండితెర మీద' అని ఉండేది. ఇక్కడ దాదాపు ప్రతి సినిమాకూ అలాంటిది ఒకటి వేస్తారు, ఇంకా ఘనంగా. మంచి కాగితం, ఫోటోలు, దర్శకుడితో మాటామంతీ, వ్యాసాలు. వెయ్యి యెన్లు అటూ ఇటూగా ఉంటుంది. పేరున్న సినిమాకైతే త్వరగా అయిపోతాయి కాబట్టి ఆట మొదలవకముందే కొనాలి. ఒక సినిమాకు ఒకటి చాలు, ముగ్గురూ పంచుకోండి. గోడ పక్క అరల్లో రాబోయే సినిమాల కరపత్రాలు పెడతారు, అవి ఉచితం, చక్కటి రంగులు. ఒక్కోటి మాత్రమే తీసుకోండి, మిగతావాళ్లకు కావాలి.

మీ లిస్టులో మూడో రోజు మధ్యాహ్నం ఖాళీ కనిపించింది. ఆ రోజు షింజుకుకు పెట్టుకుందాం. ఏం సినిమా అన్నది మీరు ముగ్గురూ మాట్లాడుకుని చెప్పండి, సీట్లు మధ్య వరసల్లో పిన్ని చూస్తుంది. పొద్దున తిరిగి తిరిగి హాల్లో నిద్రపోకుండా, ఆ ముందు రాత్రి త్వరగా పడుకోవాలి.

ఇట్లు,
మీ అమ్మమ్మ